అశోక్ నగర్‌లో నీతి పేపరు, అసెంబ్లీలో నీతి కమిటీ

నారాయణగూడ వైఎంసీఏ దగ్గర బస్సు దిగి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ దాకా నడిచే దారి మా పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. నగర కేంద్ర గ్రంథాలయం ముందు పొద్దున్నే చేరే యువతీ యువకులు, జిరాక్స్ సెంటర్లలో కట్టలు కట్టలుగా నోట్స్, గోడల నిండా హాస్టళ్ళ బోర్డులు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. వాళ్ళలో మన సంఘాల పిల్లలూ ఉన్నారు. జిల్లాల నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో ముగ్గురు నలుగురు సర్దుకుని, ఆదివారం ఆరాధన ముగియగానే మళ్ళీ పుస్తకాల ముందు కూర్చునే పిల్లలు.

ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన తర్వాత అలాంటి యువకుడొకడు మమ్మల్ని ఆపి అడిగాడు. "అయ్యగారూ, సివిల్స్‌లో మాకు ఎథిక్స్ పేపరు ఉంది, 250 మార్కులు. ఉద్యోగం వస్తే ప్రవర్తనా నియమావళి ఉంటుంది. రేపు నా మీద ఒత్తిడి తెచ్చి ఫైలు మీద సంతకం పెట్టమనే ఎమ్మెల్యేకు ఏ పేపరు ఉంది? ఏ నియమావళి ఉంది?"

ఆ ప్రశ్నకు గుమ్మం దగ్గర నిలబడి చెప్పే జవాబు మా దగ్గర లేకపోయింది. ఈ సంపాదకీయం ఆ అబ్బాయికి ఇవ్వవలసిన జవాబు.

అతని బాధలో న్యాయం ఉంది. 2022 అక్టోబరు 16న రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ రాస్తే ఆ పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. ఒక్క ఉద్యోగానికి ఇన్నిసార్లు తూకానికి నిలబడే పిల్లలు, తమను పాలించేవారిని ఎవరు తూస్తారని అడగడం అవిధేయత కాదు. ఉద్యోగం వచ్చిన రోజు నుంచి 1964 నాటి ప్రవర్తనా నియమావళి వారికి వర్తిస్తుంది. ఆస్తుల వివరాలు ఏటా ఇవ్వాలి. కానుకలు తీసుకోవడానికి హద్దులున్నాయి. పోలీసులు పూర్వాపరాలు విచారించాకే నియామకం ఖాయమవుతుంది. మరోవైపు, 2023లో తెలంగాణ శాసనసభకు ఎన్నికైన 119 మందిలో 82 మంది తమపై క్రిమినల్ కేసులున్నట్టు తమ అఫిడవిట్లలోనే చెప్పుకున్నారని అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ లెక్కగట్టింది. వాటిలో ఉద్యమాల కేసులూ, ధర్నాల కేసులూ ఉంటాయి. కేసు ఉన్నంత మాత్రాన దోషి అయిపోరు. అయినా ఆ సంఖ్యను చూసి ఏమీ పట్టనట్టు పేజీ తిప్పేయలేం.

ఆ అబ్బాయి ప్రశ్నకు కాగితం మీద ఒక జవాబు ఉంది. దాని పేరే ఎథిక్స్ కమిటీ.

మన దేశంలో చట్టసభలకు సంబంధించి తొలి ఎథిక్స్ కమిటీని రాజ్యసభ 1997లో ఏర్పాటు చేసుకుంది. లోక్‌సభలో 2000 మే నెలలో ఆ పని చేసిన స్పీకర్ మన తెలుగువారే, కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి. లోక్‌సభ స్పీకర్ పీఠమెక్కిన తొలి దళితుడాయన. మాజీ ప్రధాని చంద్రశేఖర్‌ను ఆ కమిటీకి అధ్యక్షుడిగా పెట్టారు. 2015లో అది లోక్‌సభ నియమావళిలో శాశ్వత స్థానం సంపాదించుకుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల చట్టసభల కమిటీల జాబితాల్లోనూ ఈ పేరు కనిపిస్తుంది. పేరు ఉన్నంతగా పని కనిపించదన్నదే మా ఆవేదన.

ఈ కమిటీని సభా హక్కుల కమిటీతో కలిపి చూడడం మనకు అలవాటైంది. రెండూ వేరు. సభ గౌరవానికి, సభ్యుల హక్కులకు భంగం కలిగితే హక్కుల కమిటీ చూస్తుంది. సభ్యుడే తన ప్రవర్తనతో సభ గౌరవాన్ని దిగజారిస్తే చూడవలసింది ఎథిక్స్ కమిటీ. మొదటిది సభ్యుడికి కవచం, రెండోది అద్దం. మన నాయకులకు కవచం మీదున్న ప్రేమ అద్దం మీద లేదు.

చట్టాలు, కోర్టులు, ఏసీబీ ఉండగా ఇదెందుకని ఎవరైనా అడగవచ్చు. చట్టం నేరాన్ని పట్టుకుంటుంది. నేరం కాని తప్పులు చాలా ఉన్నాయి. ప్రైవేటు కాలేజీలున్న సభ్యుడు ఆ సంగతి చెప్పకుండా ఫీజుల మీద మాట్లాడవచ్చు. భూముల వ్యాపారంలో ఉన్న సభ్యుడు రోడ్డు ఏ దారిన పోవాలో సభలో వాదించవచ్చు. అది శిక్షాస్మృతికి అందదు. కానీ ఓటరుకు తెలియాలి. అందుకే రాజ్యసభ సభ్యుల ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరు పెట్టింది. ఏ కంపెనీలో డైరెక్టరు, ఎక్కడ జీతం, ఎందులో అధిక వాటా, ఎవరికి సలహాదారు, ఏ వృత్తిలో సంబంధం అనే అయిదు విషయాలు సభ్యులు అందులో ప్రకటించాలి.

మన సభల ఇటీవలి చరిత్రనే చూద్దాం. 2021 నవంబరు 19న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో తన భార్యను కించపరిచే మాటలు వచ్చాయంటూ అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు సభ నుంచి బయటికి వచ్చారు. ముఖ్యమంత్రిగానే తిరిగి అడుగుపెడతానని శపథం చేశారు. 2024 ఎన్నికల తర్వాత అలాగే వచ్చారు. ఇప్పుడు వైఎస్సార్‌సీపీ వంతు. తమకు ప్రతిపక్ష హోదా ఇవ్వలేదన్నది ఆ పార్టీ వాదన. ఆ పార్టీ సభ్యులు కొందరు సభలో కూర్చోకుండానే హాజరు సంతకాలు పెట్టి వెళ్తున్నారని 2025 మార్చిలో స్పీకర్ అయ్యన్నపాత్రుడు సభలోనే తప్పుబట్టారు. ఒక స్త్రీ గౌరవానికి సంబంధించిన మాటలనైనా, హాజరు పట్టీలో సంతకాన్నైనా చల్లగా, ఆధారాలతో విచారించి తేల్చే చోటు కావాలి. తేల్చకుండా వదిలేసిన గొడవలు వీధికెక్కాయి, ఎన్నికల నినాదాలయ్యాయి.

క్రైస్తవ పాఠకులు మరచిపోలేని సంఘటన మరొకటి ఉంది. 2015 మే 31న, ఎమ్మెల్సీ ఎన్నికల ముందు, ఆంగ్లో ఇండియన్ నామినేటెడ్ ఎమ్మెల్యే ఎల్విస్ స్టీఫెన్‌సన్‌కు 50 లక్షల రూపాయలు ఇవ్వజూపారన్న ఆరోపణపై అప్పటి తెలుగుదేశం ఎమ్మెల్యే రేవంత్ రెడ్డిని ఏసీబీ అరెస్టు చేసింది. ఏసీబీకి ఫిర్యాదు చేసింది స్టీఫెన్‌సనే. ఆ తర్వాత కేసు ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది. రేవంత్ రెడ్డి ఆరోపణలను ఖండిస్తూ వచ్చారు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. తీర్పు చెప్పడం న్యాయస్థానం పని, మాది కాదు. మేము అడిగేది ఒక్కటే. శాసనసభ్యుడి ఓటుకు ధర కట్టారన్న మాట వచ్చినప్పుడు గాయపడింది సభ గౌరవం. ఆ రోజుల్లో ప్రజల చెవిన పడినవి ఏసీబీ, ఫోన్ ట్యాపింగ్, కోర్టు అన్న మాటలే. సభ నైతికత అన్న మాట చర్చలోకే రాలేదు. ఆ తర్వాత 2020 జనవరిలో ఆంగ్లో ఇండియన్ల నామినేషన్ పద్ధతే ముగిసిపోయింది. ప్రశ్న మాత్రం మిగిలింది.

లంచం తీసుకుని సభలో ఓటేస్తే రాజ్యాంగ రక్షణ ఉంటుందని 1998లో పి.వి. నరసింహారావు కేసులో వచ్చిన తీర్పును 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసింది. సభా హక్కు లంచానికి గొడుగు కాదని తేల్చింది. సంతోషం. కానీ ఆ మాట చెప్పడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. కోర్టు దారి పొడవైనది. సభ తన ఇల్లు తానే ఊడ్చుకోవడం నేర్చుకుంటే ఆ దారి కొంత తగ్గుతుంది.

అయితే కమిటీ పెట్టేస్తే చాలు, నీతి వచ్చేస్తుందని మేము చెప్పడం లేదు. చెడ్డ చేతుల్లో పడితే అద్దం కూడా పగిలి కత్తి అవుతుంది. మన దగ్గరే అనుభవం ఉంది. 2015 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వైఎస్సార్‌సీపీ సభ్యురాలు రోజాను ఏడాదిపాటు సస్పెండ్ చేసింది. నిబంధన ఆ సమావేశాల వరకే అనుమతిస్తుందన్న వాదనతో వివాదం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2018 మార్చి 12న తెలంగాణలో గవర్నర్ ప్రసంగం వేళ విసిరిన హెడ్‌ఫోన్ తగిలి మండలి చైర్మన్ స్వామిగౌడ్ కంటికి గాయమైందని ప్రభుత్వం చెప్పింది. మర్నాడే కాంగ్రెస్ సభ్యులు కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్ కుమార్‌లను సభ బహిష్కరించింది. నల్లగొండ, ఆలంపూర్ స్థానాలు ఖాళీ అయినట్టు ప్రకటించారు. ఒక్క రాత్రిలో ఏ విచారణ జరుగుతుంది? వారి వాదన ఎవరు విన్నారు? ఏప్రిల్‌లో హైకోర్టు ఆ బహిష్కరణను కొట్టివేసింది. వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వకపోవడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధమన్నది.

కాలం తిరిగింది. అప్పుడు బహిష్కృతుడైన వెంకటరెడ్డి ఇప్పుడు మంత్రి. 2025 మార్చి 13న స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్‌ను ఉద్దేశించి చేసిన వ్యాఖ్యలపై బీఆర్ఎస్ సభ్యుడు జగదీశ్ రెడ్డిని ఆ సమావేశాలు ముగిసేవరకు సస్పెండ్ చేశారు. ఆయన అనుచితంగా ఏమీ మాట్లాడలేదని ఆయన పార్టీ వాదించింది. తప్పు ఎవరిదో ఇక్కడ మేము తేల్చబోవడం లేదు. గమనించవలసింది ఇది: తెలుగుదేశం, టీఆర్ఎస్, కాంగ్రెస్, ఎవరి చేతిలో మెజారిటీ ఉంటే వారి చేతిలోనే కొరడా ఉంది. దెబ్బ తిన్నప్పుడు సహజ న్యాయం గుర్తొచ్చినవారికి, కొట్టేటప్పుడు అది గుర్తుండడం లేదు.

ఢిల్లీలోనూ ఇంతే. ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారన్న ఆరోపణపై 2005 డిసెంబరు 23న పదకొండు మంది ఎంపీలను రెండు సభలూ బహిష్కరించినప్పుడు దేశం చాలావరకు హర్షించింది. 2007లో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని సమర్థించింది. 2023లో మహువా మొయిత్రా విషయానికి వచ్చేసరికి అక్టోబరులో ఫిర్యాదు, నవంబరు 9న ఎథిక్స్ కమిటీలో ఆరుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు, డిసెంబరు 8న బహిష్కరణ. ఆమె తప్పు చేశారా లేదా అన్న దానికంటే కమిటీ నిష్పక్షపాతం మీదే ఎక్కువ చర్చ జరిగింది. మరుసటి జూన్‌లో ఆమెను ఓటర్లు మళ్ళీ గెలిపించారు. జనం నమ్మని తీర్పు ఎవరినీ దిద్దలేదు.

మరి నమ్మకం ఎలా వస్తుంది? బ్రిటన్‌లో సభ్యుల ప్రవర్తనపై ఫిర్యాదులు విచారించడానికి 1995 నుంచి స్వతంత్ర కమిషనర్ ఉన్నారు. ఆ నివేదికలు చూసే కమిటీలో ఎంపీలతో సమాన సంఖ్యలో బయటి పౌరులు కూర్చుంటారు. 2023 జూన్‌లో మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటును తప్పుదోవ పట్టించారని తేల్చిన హక్కుల కమిటీలో ఏడుగురిలో నలుగురు ఆయన సొంత పార్టీవారే. సొంత నాయకుడి మీద తీర్పు చెప్పగల ధైర్యం ఉన్నప్పుడే అది నీతి కమిటీ. ఎదుటివాడి మీద మాత్రమే చెప్పగలిగితే అది ప్రతీకార కమిటీ.

ఈ విషయంలో లేఖనాలు మౌనంగా లేవు. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయంలో రాజుకు దేవుడు పెట్టిన నియమం గుర్తు చేసుకోండి. సింహాసనం మీద కూర్చున్నవాడు ధర్మశాస్త్రాన్ని తన కోసం ఒక ప్రతి రాయించుకుని, బ్రతికినన్నాళ్ళు చదువుతూ ఉండాలి. ఎందుకంటే తన సహోదరులకంటే తాను గొప్పవాడినని అతని మనసు గర్వించకూడదు. అశోక్ నగర్ గదుల్లో రాజ్యాంగాన్ని నోట్స్‌గా రాసుకుంటున్న పిల్లలను చూసినప్పుడల్లా మాకు ఆ అధ్యాయమే గుర్తొస్తుంది. ఆ నోట్స్ రాసుకోవలసినవారు పబ్లిక్ గార్డెన్స్ పక్కన అసెంబ్లీలో ఉన్నారు.

1 సమూయేలు 12లో వృద్ధుడైన సమూయేలు తన పదవి ముగింపులో ప్రజలందరి ముందు నిలబడి తన లెక్క తానే అప్పగించాడు. ఎవరి ఎద్దునైనా, ఎవరి గాడిదనైనా తీసుకున్నానా, ఎవరినైనా అణగదొక్కానా, లంచం పుచ్చుకుని కళ్ళు మూసుకున్నానా అని అడిగాడు. ఎవరూ నిలదీయకముందే అడిగాడు. ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరు అంటే మా దృష్టిలో సమూయేలు ప్రశ్నను కాగితం మీద పెట్టడమే.

ఆరోపణ వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా వాక్యం చెప్పింది. ద్వితీయోపదేశకాండము 19లో న్యాయాధిపతులు బాగా విచారణ చేయాలని ఉంది. ఒక్క సాక్షి మాట చాలదు. అబద్ధ సాక్షికి శిక్ష ఉంది. మత్తయి 18లో మన ప్రభువు చూపిన దారి కూడా మెట్లు మెట్లుగా ఉంది: ముందు ఒంటరిగా మాట్లాడడం, తర్వాత ఇద్దరు ముగ్గురు సాక్షులు, ఆఖరున సంఘం. వెలివేయడం చివరి మెట్టు. మన సభల్లో మాత్రం వెలితోనే మొదలవుతోంది.

ఇక్కడ మేము మా ఇంటివైపు కూడా చూసుకోవాలి. తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని పేతురు తన మొదటి పత్రికలో హెచ్చరించాడు. సంఘ ఎన్నికల్లో వర్గాలు, పంచిన డబ్బు, ఆస్తుల మీద వ్యాజ్యాలు, లెక్కలు అడిగినవారిని సభ్యత్వం నుంచి తొలగించడం, ఇవి మన పాఠకులకు కొత్త కాదు. క్రమశిక్షణ కమిటీ అంటే పాలకవర్గానికి నచ్చనివారిని దండించే కమిటీగా మార్చిన సంఘాలు మనకు తెలుసు. అలాంటి చోట్ల మేమూ కొన్నిసార్లు మౌనంగా కూర్చున్నాం. ఒప్పుకుంటున్నాం. మన వెస్ట్రీ గదుల్లో లేని నీతిని అసెంబ్లీలో వెతికితే లోకం నవ్వుతుంది. అయినా అడగడం మానకూడదు. రెండు చోట్లా అడగాలి.

అందుకే మా సూచనలు కొన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాం.

మొదటిది, ఎథిక్స్ కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వాలి. ప్రజాపద్దుల కమిటీ విషయంలో అలాంటి సంప్రదాయం ఉంది. అదీ కంటితుడుపు కాకూడదు. 2024 సెప్టెంబరులో బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్ళారన్న వివాదంలో ఉన్న అరెకపూడి గాంధీని తెలంగాణలో ఆ కమిటీ అధ్యక్షుడిని చేసినప్పుడు ఎంత దుమారం రేగిందో చూశాం. అక్షరాన్ని పాటిస్తూ ఆత్మను చంపడం అంటే అదే.

రెండోది, విచారణ దశలో సభ వెలుపలివారు, విశ్రాంత న్యాయమూర్తులు, మచ్చలేని పౌరులు ఉండాలి. శిక్ష విధించే అధికారం సభ దగ్గరే ఉండనివ్వండి. నిజం తేల్చే పనిలో పార్టీ విప్‌కు చోటు ఉండకూడదు.

మూడోది, మామూలు పౌరుడు ఫిర్యాదు చేసే దారి ఉండాలి. లోక్‌సభలో ఎవరైనా ఆధారాలతో, అఫిడవిట్‌తో, ఒక ఎంపీ ద్వారా ఫిర్యాదు ఇవ్వవచ్చు. పత్రికా వార్త ఒక్కటే ఆధారమైతే తీసుకోరు. మన రాష్ట్రాల్లో ఆ దారి ఎక్కడుందో గ్రంథాలయం ముందు నిలబడ్డ అబ్బాయికి కూడా తెలిసేలా ప్రకటించాలి.

నాలుగోది, సభ్యుల ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరు ఏటా ప్రజల ముందుకు రావాలి. అఫిడవిట్ అయిదేళ్ళకోసారి ఎన్నికల వేళ చూసి మరచిపోయే కాగితంగా మిగలకూడదు.

అయిదోది, గడువు. ఫిరాయింపు పిటిషన్ల మీద మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు చెప్పవలసి వచ్చింది. ఒక రాజ్యాంగ పదవికి గడియారం చూపించవలసిన స్థితి మంచిది కాదు. ఎథిక్స్ కమిటీకి ముందే గడువు రాసి ఉంటే కోర్టు చెప్పే అవసరం రాదు. గడువు ఒక్క రాత్రీ కాకూడదు, ఒక పదవీకాలమూ కాకూడదు.

ఇవన్నీ వచ్చినా మనిషి హృదయం మారుతుందని మేము భ్రమపడడం లేదు. హృదయాన్ని మార్చేవాడు దేవుడొక్కడే. కానీ కమిటీలు, రిజిస్టర్లు, గడువులు బలహీనుడికి గోడలాంటివి. గోడ నీతిమంతుణ్ణి తయారుచేయదు. పక్కింటివాడి గొర్రెపిల్ల మీద ఆశపడినవాడి చేతికి అడ్డు నిలుస్తుంది. దావీదు ముందు నిలబడడానికి నాతాను ఒక్కడే చాలినాడు. మన రోజుల్లో ఆ నాతానుకు ఒక కుర్చీ, ఒక గది, భయం లేకుండా మాట్లాడే హక్కు కల్పించడమే మేము అడుగుతున్నది.

చివరగా ఆ అబ్బాయితో ఒక మాట. బాబూ, నీ ప్రశ్నను ఇందిరా పార్కు ధర్నాచౌక్‌లోనే వదిలేయకు. రేపు నువ్వు అధికారివైతే నీ బల్ల మీదికి తీసుకుపో. ఎమ్మెల్యే చీటీ వచ్చినప్పుడు నిబంధన ఏం చెబుతుందో అది రాసి సంతకం పెట్టు. అలా చేసినందుకు బదిలీ రావచ్చు. సింహాల గుహకు వెళ్ళిన దానియేలు కూడా ప్రభుత్వ అధికారేనని గుర్తుంచుకో. అతని శత్రువులు ఎంత వెతికినా ఉద్యోగంలో ఒక్క తప్పు దొరకలేదు.

పాఠకులకు మా మనవి. వచ్చే ఆదివారం అధికారుల కోసం ప్రార్థించేటప్పుడు మీ నియోజకవర్గం ఎమ్మెల్యే పేరు పెట్టి ప్రార్థించండి. ఆయన మీ వీధికి వచ్చినప్పుడు రోడ్డు గురించి, పింఛను గురించి అడిగినట్టే ఇదీ అడగండి: "అయ్యా, మన సభలో ఎథిక్స్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? ఏం తేల్చింది?" జవాబు రాకపోతే మళ్ళీ అడగండి. పాలకుల కోసం ప్రార్థించే సంఘానికి వారిని ప్రశ్నించే బాధ్యత కూడా ఉంది.